చెరిగిపోవాల్సిన సిరా

మధ్యాహ్నం ఒంటిగంట పది. ఆపరేషన్ రేపు పొద్దున ఏడింటికి. ఆరా అత్త చేతిలో ఉన్నవల్లా పద్దెనిమిది గంటలకు పది నిమిషాలు తక్కువ, ఒక చీటీ.

చీటీ చిన్నది. ఏదో ఫారం అంచు చింపి రాసినట్టుంది. "ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. ముందు స్లైడు మళ్ళీ చూడమనండి." కింద సంతకం లేదు. పొద్దున వార్డులో, మంచం పక్క అరలో, కళ్ళజోడు పెట్టె కింద దొరికింది.

ఆ మంచం మీద ఉన్నామె దర్జీ. పదకొండేళ్ళ కిందట తన రెండు కిడ్నీల్లో ఒకటి చెల్లెలికి ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కదానిలో ఇప్పుడు గడ్డ కనిపించింది, అదీ సరిగ్గా నట్టనడుమ. సూదితో ముక్క తీసి చూసిన ల్యాబ్ వాళ్ళు గడ్డ చెడ్డదేనని తేల్చారు. రేపు కిడ్నీ మొత్తం తీసేస్తారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ వారానికి మూడు రోజులు మెషీన్ పక్కన పడుకోవాల్సిందే. ఆరా అత్తకు ఫోన్ చేసి పిలిపించింది చెల్లెలే. వచ్చినప్పటి నుంచీ ఆమె ఏడవలేదు, అరవలేదు, ఒక్క మాటే అంది.

"అక్కది ఒకటి నా ఒంట్లో ఉంది అత్తా. తిరిగి ఇచ్చేద్దామన్నా ఇవ్వలేను. ఆ ఉన్న ఒక్కటీ ఎవరి పొరపాటు వల్లో పోయిందంటే మాత్రం నేను బతికీ ఒకటే, చచ్చీ ఒకటే."

ఆరా అత్త అసలు పేరు ఏమిటో ఇప్పుడు ఆమెకే ఎవరైనా గుర్తు చేయాలి. ముప్పై ఏళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిముల కూపీ లాగి, రిటైరయ్యాక కూడా కాలు ఒకచోట నిలవక సొంతంగా ఆరాలు తీస్తూ తిరుగుతోంది. ఎదుటివాళ్ళు ఒక మాట మింగేశారని తెలిస్తే చాలు, అది బయటికి వచ్చేదాకా ఆమెకు నిద్ర పట్టదు. దీన్ని ఆమె తెలివి అనదు, జబ్బు అంటుంది.

చీటీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుంది. అక్షరాలు బూడిదరంగులో తళుక్కుమన్నాయి. పెన్సిల్! ఆమెకు భలే సరదా వేసింది. దొంగచాటుగా చీటీ రాసే మనిషి పెన్సిల్ కోసం వెతుక్కోడు, చేతికి ఏది ముందు తగిలితే దాంతో గబగబా గీకేస్తాడు. మరి ఇంత పెద్ద ఆసుపత్రిలో, పొద్దస్తమానం పెన్సిలే చేతికి తగిలే పని ఎవరిది?

చెల్లెలు ఫోన్‌లో ఇంకొకటి చూపించింది. సోమవారం ల్యాబ్‌లోని పరిశోధన డాక్టర్ ఆ స్లైడు తీసి మరీ వీళ్ళకు చూపించాడట. అప్పుడు ఆమె ఫోటో తీసుకుంది. గాజుపలక, మధ్యలో రెండు గోధుమరంగు ముక్కలు. ఒకటి నిటారుగా ఉంది, రెండోదాని కొస కొక్కెంలా వంగి ఉంది. గాజు అంచున నల్లసిరాతో 41 అని అక్క నంబరు ఉంది. ఆ ఒకటికి కింద పీటలా చిన్న అడ్డగీత. ఫోటోని ఆరా అత్త తన ఫోన్‌కి పంపించుకుంది.

వార్డు గుమ్మంలోనే సీలు సారు అడ్డం తగిలాడు. ఆయన ఆసుపత్రి విజిలెన్స్ ఆఫీసర్. ఒకప్పుడు బీమా కంపెనీలో ఆరా అత్త కిందే పని నేర్చుకున్నాడు. సీలు ఎలా వేయాలో చేయి పట్టుకుని నేర్పింది ఆమే. శిష్యుడు మాత్రం ఆ పాఠం దగ్గరే ఆగిపోయాడు. ఎక్కడ ఏ గొడవ జరిగినా ముందు గదికి సీలు వేస్తాడు, ఆలోచన తర్వాత. ఇప్పుడూ అంతే, చీటీ సంగతి చెవిన పడగానే, దర్జీ ముక్క ల్యాబ్‌కి వచ్చిన శుక్రవారం నాటి స్లైడ్లన్నీ ఉన్న బీరువాకి సీలు వేసేసి వచ్చాడు.

చీటీ ఇచ్చేయమన్నాడు. రోగుల్ని భయపెట్టే ఇంటిదొంగ ఎవరో సాయంత్రానికల్లా పట్టుకుంటానన్నాడు.

"నీకు ఎవరు రాశారో కావాలి. నాకు ఎందుకు రాశారో కావాలి" అంది ఆరా అత్త.

"ఎవరో తేలితే ఎందుకో అదే తేలుతుంది మేడం."

"నేను నీకు నేర్పింది ఇది కాదు బాబూ."

అతను నవ్వి బల్ల అంచున కూర్చున్నాడు. వెనక్కి ఆనుకోలేదు, ఒక చేయి నడుము పక్కనే పెట్టుకున్నాడు. ఏమైందని అడిగితే పర్సులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమె ముఖం ముందు విప్పాడు. తనకూ కిడ్నీలో చిన్న గడ్డ కనిపించిందట, ఇదే ల్యాబ్‌లో పరీక్ష చేశారట, ఏమీ లేదని రాసిచ్చారట. ఆ మాటలున్న వరస కింద వేలు పెట్టి చదివి వినిపించాడు. ఇంట్లో భార్య ఆ కాగితాన్ని మూడుసార్లు చదివించుకుందని కూడా చెప్పాడు. ఈ ల్యాబ్‌ని శంకించేవాళ్ళకి ఇదే తన జవాబన్నాడు. కళ్ళజోడు సంచిలో ఉండటంతో పైన ఉన్న సన్నటి అక్షరాలు ఆరా అత్త చదవలేదు. నిజంగానే సంతోషించి, అతని భుజం తట్టి మెట్లెక్కింది.

రెండో అంతస్తులో ల్యాబ్. తలుపు తీయగానే ముక్కుపుటాలు అదిరే వాసన. లోపల ఒక్క అమ్మాయే ఉంది, స్లైడ్లు చేసే టెక్నీషియన్. చుట్టిన ముడిలోంచి పెన్సిల్ మొన బయటికి కనిపిస్తోంది. ఆరా అత్త దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది.

మొదట పది నిమిషాలు పనికి సంబంధించిన ప్రశ్నలే అడిగింది. అడగడానికి వంక కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ముక్క చుట్టూ మైనం పోసి దిమ్మలా గట్టిపరుస్తారు. దిమ్మ వెనక ప్లాస్టిక్ అచ్చు మీద నంబరు ఉంటుంది. దాన్ని ఉల్లిపొర కంటే పల్చగా కోసి గాజుపలక మీదికి ఎత్తుతారు. అదే స్లైడు. ఆ ముక్క మీద మామూలు రంగు వేస్తే చాలాసార్లు జబ్బు తేలిపోతుంది. ఆ శుక్రవారం వచ్చిన రెండు ముక్కల్లో మాత్రం ఎటూ తేలలేదు.

అప్పుడు ఆ అమ్మాయి ఫ్రిజ్ తెరిచి బొటనవేలంత సీసా చూపించింది. సీసా మీద పరిశోధనకు మాత్రమే, రోగ నిర్ధారణకు కాదు అని రాసి ఉంది.

"ఇది యాంటీబాడీ మేడం. దీనికి ఒక్క ప్రోటీన్ తప్ప ఇంకేదీ పట్టదు. ముక్క మీద చుక్క వేస్తే ఆ ప్రోటీన్ ఎక్కడుందో వెతుక్కుని దాన్నే అంటుకుంటుంది. అంటుకున్నచోట గోధుమరంగు తేలేలా మేం చేస్తాం. మామూలు కణంలో ఆ ప్రోటీన్ లోపల చెదిరి ఉంటుంది. గడ్డ చెడ్డదైతే వెళ్ళి కణం పొరకి అతుక్కుపోతుంది. అప్పుడు ప్రతి కణం చుట్టూ గీత గీసినట్టు కనిపిస్తుంది."

"అంటే గది మధ్యలో కూర్చోవాల్సినవాళ్ళంతా లేచి గోడకి ఆనుకుంటే అనుమానించాలన్నమాట."

అమ్మాయి ఫక్కున నవ్వింది. "అంతే అత్తా" అంది. అంతవరకూ మేడం అన్న నోరు అత్తా అనేసరికి పని సగం అయినట్టేనని ఆరా అత్తకు తెలుసు. అప్పుడు రిజిస్టర్ తెరిపించింది.

శుక్రవారం పేజీలో రెండు ముక్కలకూ యాంటీబాడీ రంగు పూర్తయిన సమయం సాయంత్రం నాలుగున్నర అని, చేసిన మనిషిగా ఈ అమ్మాయి పేరు అని ఉన్నాయి. ఈ పనికి మొత్తం ఎంతసేపు పడుతుందని అడిగితే మూడున్నర గంటలని చెప్పింది. ఒక్క యాంటీబాడీనే గంటసేపు ముక్క మీద ఉంచాలట. ఆ లెక్కన ఒంటిగంటకు మొదలవ్వాలి. కానీ మామూలు రంగులో తేలలేదని, ఈ సీసా తీయాలని పరిశోధన డాక్టర్ అన్నదే మూడింబావుకి. ఈ అమ్మాయి మూడూ నలభైకి గేటు దాటింది. కడుపుతో ఉన్న వదినను స్కానింగుకి తీసుకెళ్ళాలి. కార్డు రికార్డులో ఆ టైము ఉంది. ఆమె వెళ్ళేటప్పటికి రెండు మైనం దిమ్మలూ ట్రేలో చల్లబడుతున్నాయి, అంతే.

"మరి ఎవరు చేశారు?"

అమ్మాయి తల దించుకుంది. వచ్చే ఒకటో తారీకుతో తన కాంట్రాక్టు అయిపోతుందని, కొత్త కాగితం మీద సంతకం పెట్టాల్సింది పరిశోధన డాక్టరేనని నెమ్మదిగా చెప్పింది. వదిన కాన్పు దగ్గరపడుతోంది, అన్నయ్యకు పని లేదు. ఆరా అత్త ఇంకేమీ గుచ్చలేదు. రాసుకోవడానికి ఏదైనా ఇవ్వమంది. అమ్మాయి చేయి దానంతటదే ముడిలోకి వెళ్ళి పెన్సిల్ లాగింది. లాగాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇక్కడ పెన్నులుండవా?"

"స్లైడ్ల దగ్గర పెన్ను ఎవరూ..." అంటూ ఆగిపోయింది. గుమ్మంలో చెప్పుల చప్పుడు.

పరిశోధన డాక్టర్ మంచి మనిషిలాగే ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లకోటు, జేబులో రెండు పెన్నులు. ఆ యాంటీబాడీ తయారుచేయడానికి ఆరేళ్ళు పట్టిందట. దాని గురించి మాట్లాడుతుంటే పసిబిడ్డ గురించి చెప్పే తండ్రిలా అయిపోయాడు. ఆరా అత్త కూడా నోరు తెరుచుకుని విన్నది. మనిషి అబద్ధాలకోరని నమ్మాలంటే ఆమెకే కష్టంగా ఉంది.

ఆ శుక్రవారం ఎవరు చేశారంటే టెక్నీషియనే అన్నాడు. తను సోమవారం చూశాడంతే. ఎంతసేపు పడుతుందంటే మూడున్నర గంటలని గర్వంగా చెప్పాడు. మరి నాలుగున్నరకు ఎలా అయిందని ఆమె అడగ్గానే ఒక్క క్షణం తడబడి, ఆ అమ్మాయి టైము తప్పు రాసి ఉంటుందని అన్నాడు. అమ్మాయి పెదవి కొరుక్కుంది.

"నాకు ఇదంతా కొత్త డాక్టర్. స్లైడు మీద నంబరు ఎలా వేస్తారో ఒకసారి చూపిస్తారా? నలభై ఒకటి అనుకోండి" అని బల్ల మీదున్న ఖాళీ గాజుపలక ఆయన ముందుకు జరిపింది.

ఎదురుగా పెన్సిల్ ఉంది. ఆయన దాని వైపే చూడలేదు. జేబులోంచి నల్లపెన్ను తీసి, గాజు అంచున 41 అని ముచ్చటగా రాసి ఇచ్చాడు. ఒకటి కింద పీటలా చిన్న అడ్డగీత గీశాడు.

ఆరా అత్త కళ్ళు మాత్రం అమ్మాయి మీదున్నాయి. అమ్మాయి చూపు పెన్ను మీద పడింది, అక్కడి నుంచి బల్ల చివర మూత పెట్టిన గాజు జాడీ మీదికి వెళ్ళింది, మళ్ళీ చటుక్కున నేలమీదికి దిగింది. ఆ జాడీలో ఏముందో తెలుసుకోకపోతే ఈ రాత్రి నిద్ర ఉండదనుకుంది ఆరా అత్త.

సరిగ్గా అప్పుడే సీలు సారు దూసుకువచ్చాడు. చేతిలో కాగితం. పొద్దున ఆరూ నలభైకి వార్డు నడవాలో ఈ అమ్మాయి తిరిగినట్టు కెమెరాలో దొరికిందన్నాడు. చీటీ రాసింది ఆమేనని, ఈ నిమిషం నుంచి పనిలోంచి తీసేస్తున్నామని చెప్పాడు. అమ్మాయికి కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి.

"రాసింది ఆ పిల్లే. నాకు అరగంట కిందటే తెలుసు" అంది ఆరా అత్త. "ఆ కాగితం ఒక్క అయిదు నిమిషాలు జేబులో పెట్టుకో. అమ్మాయ్, ఆ జాడీలో ఏముంది?"

"జైలీన్ అత్తా. మైనం కరిగించడానికి. రంగు వేసే ముందు ప్రతి స్లైడూ అందులో మునగాల్సిందే."

ఆరా అత్త జాడీ మూత తీసి, డాక్టర్ రాసిచ్చిన గాజుపలకను చిమ్టాతో పట్టుకుని అందులో ముంచింది. నలుగురూ వంగి చూశారు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నాలుగంకె అంచు మెత్తబడింది, ఒకటి కింది పీట కరిగింది, సన్నటి నల్లటి పోగు ఒకటి జాడీ అడుగుకి జారింది. బయటికి తీస్తే గాజు మచ్చ లేకుండా ఉంది. పక్కనే ఇంకో పలక గరుకు అంచున అమ్మాయి పెన్సిల్‌తో అదే నంబరు వేసి ముంచింది. అది చెక్కుచెదరలేదు.

ఆరా అత్త ఫోన్‌లో ఫోటో తెరిచి డాక్టర్ ముందు పెట్టింది. ఈ స్లైడు జైలీన్‌లో మునిగింది కాబట్టే రంగు పట్టింది. దీని మీద సిరా మాత్రం నిగనిగలాడుతోంది. చెరిగిపోవాల్సిన సిరా చెరగలేదంటే అది తర్వాత వేసిన నంబరు.

"మధ్యలో ఆ రెండు స్లైడ్లూ ఏ నంబరూ లేకుండా ఎంతసేపున్నాయి డాక్టర్?"

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తర్వాత చెప్పినదంతా ముక్కలుముక్కలుగా చెప్పాడు. చదువుకునే రోజుల్లో ముక్కలు కోయడం నేర్చుకున్నాడట. ఆ శుక్రవారం అమ్మాయి వెళ్ళిపోయాక సోమవారం దాకా ఆగబుద్ధి కాలేదు, తన యాంటీబాడీ ఏం చెబుతుందోనని ఆత్రం. రెండు దిమ్మలూ తనే కోశాడు, అలవాటు కొద్దీ జేబులో పెన్నుతో నంబర్లు వేశాడు. జాడీలోంచి తీసి చూస్తే రెండిటి మీదా నంబరు లేదు. ముందు ముంచింది నలభై ఒకటని గుర్తున్నట్టే అనిపించింది. చివర్లో ఆ గుర్తుతోనే మళ్ళీ రాశాడు.

"గుర్తున్నట్టే అనిపించిందండీ. ఒట్టు. ఒకదాంట్లో గీతలు అంత స్పష్టంగా కనిపించేసరికి సంతోషంలో ఇంకేమీ తోచలేదు. తర్వాత అడిగే ధైర్యం లేకపోయింది."

రిజిస్టర్లో అమ్మాయి పేరు, ఆమె డ్యూటీలోనే అయినట్టు కనిపించాలని నాలుగున్నర అన్న టైము రాసింది కూడా ఆయనే. ఆరా అత్తకు జాలేసింది, మరుక్షణంలో కోపం ముంచుకొచ్చింది. కోప్పడే తీరిక లేదు. మూడున్నరయింది. రెండు స్లైడ్లనూ వాటి దిమ్మల పక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో తేలిపోతుందని అమ్మాయి చెప్పింది. ఒకే దిమ్మలోంచి కోసినవన్నీ ఒకే ఆకారంలో ఉంటాయట. అవన్నీ బీరువాలో ఉన్నాయి, బీరువాకి సీలుంది.

సీలు సారు అడ్డంగా తల ఊపాడు. డైరెక్టర్ రాతపూర్వకంగా ఇవ్వందే సీలు తీయనన్నాడు. డైరెక్టర్ రేపు తొమ్మిదింటికి గానీ రాడు.

"ఆపరేషన్ ఏడింటికి. ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఒక మనిషి ఉన్న ఒక్క కిడ్నీ పోతుంది" అంది ఆరా అత్త.

"రూలు నేను పెట్టలేదు మేడం."

"సీలు వేయడం నీకు నేర్పింది నేను. ఎప్పుడు తీయాలో చెప్పకుండానే రిటైరైపోయాను. తప్పు నాదే. ఇప్పుడు చెప్తున్నా, తియ్యి."

అతను ముఖం కందగడ్డలా చేసుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేక జాడీ వైపు, అందులో మెలికలు తిరిగిన సిరా వైపు చూశాడు. చివరికి జేబులోంచి తాళంచెవి తీసి, దాని కొసతోనే లక్క పగలగొట్టాడు.

అమ్మాయి 41 నంబరు దిమ్మను దీపం కింద పెట్టింది. మైనంలో ఒకే ఒక పొడుగాటి పోగు ఉంది, దారపు ముక్కలా. దాని మీద సిరాతో 41 అని ఉన్న స్లైడు పెట్టింది. స్లైడులో రెండు ముక్కలున్నాయి, ఒకదానికి కొక్కెం. దేనికీ ఏదీ కలవలేదు. రెండో దిమ్మ తెచ్చింది. అందులో రెండు ముక్కలు, ఒకదాని కొస వంగి ఉంది. అదే స్లైడు దాని మీద పెడితే డబ్బాకి మూత పట్టినట్టు సరిపోయింది.

ఆ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి ఆరా అత్తను చూడమంది. ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత. అందరూ గోడకి ఆనుకున్నారు. తర్వాత రెండో స్లైడు పెట్టింది, అసలు దర్జీది. ఎక్కడా గీత లేదు, రంగు లోపలే చెదిరి ఉంది.

"అంటే మా దర్జీ గడ్డ మంచిదే" అంది ఆరా అత్త. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

పెన్సిల్ నంబర్లు వేసి రెండు దిమ్మల్నీ ఇప్పుడే మళ్ళీ కోస్తానని, ఏడున్నరకల్లా ఖాయంగా చెప్తానని అమ్మాయి అంది. ఆకారం కలిశాక తేడా రాదు గానీ, ఈసారి ఎవరూ వేలెత్తి చూపకూడదంది. ముందు ఆపరేషన్ ఆపమని చెప్పాలంటూ ఆరా అత్త ఫోన్ కోసం తిరిగింది.

సీలు సారు దీపం దగ్గరే ఉన్నాడు. రెండో దిమ్మను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, ప్లాస్టిక్ అచ్చు మీది నంబరు చదువుతున్నాడు. ఒకసారి చదివాడు. దిమ్మ కింద పెట్టి పర్సు తీశాడు. మడత కాగితం విప్పి, ఏమీ లేదన్న వరస వదిలేసి, పైన సన్నటి అక్షరాల దగ్గర వేలు పెట్టాడు. వేలు అక్కడే ఉండిపోయింది.

ఆరా అత్త సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఆ వరసలో 42 అని ఉంది. దిమ్మ మీదా అంతే. మధ్యాహ్నం తను భుజం తట్టిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. ఏదో అనబోతే అతను చేయెత్తి వద్దన్నాడు. బల్ల మీది ఫోన్ అందుకుని ఆపరేషన్ థియేటర్ నంబరు తనే నొక్కాడు.

"విజిలెన్స్ నుంచి. రేపు ఏడింటి కేసు ఆపేయండి. స్లైడు ఆమెది కాదు. అవును, నా బాధ్యత." అవతల ఏదో అడిగారు. అతను ఒక చేత్తో నడుము పక్క పట్టుకున్నాడు. "లేదు, ఆ టైము ఇంకెవరికీ ఇవ్వకండి. ఖాళీగా ఉంచండి. పేరు రాత్రికి నేనే వచ్చి రాయిస్తాను."